సీసా నెలంతా వస్తోందంటే: ఇన్సులిన్ వాడే రోగికి వీడియో కాల్‌లో నేర్పిన ఒక కేసు

కేసు

రోగి 58 ఏళ్ల మహిళ, బరువు 62 కిలోలు. ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఒక పల్లె. టైప్ 2 షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. చాలాకాలం మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలతోనే నడిచింది. మాత్రలకు షుగర్ లొంగకపోవడంతో ఏడాది కిందట 30/70 ప్రీమిక్స్ ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది 30 శాతం, నెమ్మదిగా పనిచేసేది 70 శాతం కలిపినది) మొదలుపెట్టారు. మొదట ఉదయం 10 యూనిట్లు, రాత్రి 6. విజిట్‌కు వచ్చినప్పుడల్లా షుగర్ ఎక్కువే ఉండటంతో డోసు పెంచుతూ పోయి ఉదయం 20, రాత్రి 12 దాకా తెచ్చారు. అయినా హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 10.4 శాతం. సగటు షుగర్ లెక్కన చూస్తే 250 చిల్లర. అరికాళ్లు మంటలు, రాత్రి మూడుసార్లు మూత్రానికి లేవడం, నీరసం. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చి రాస్తున్నాం.

ఆమెకు ఏమీ తెలియదనుకుంటే పొరపాటు. అన్నం తగ్గించాలి, నడవాలి, వేళకు సూది వేసుకోవాలి, కాళ్లు చూసుకోవాలి అని గడగడా చెప్పగలరు. ఓపీలో ఇచ్చిన కరపత్రం, ఫోన్‌కు వచ్చిన షుగర్ వీడియోలు అన్నీ అయ్యాయి. అడిగినవన్నీ సరిగ్గా చెప్పే రోగికి షుగర్ దిగడం లేదంటే, ఇంకో వీడియో పంపడం వల్ల ఒరిగేది లేదు. ఆ ఇంట్లో, ఆ చేతుల్లో ఏం జరుగుతోందో చూడాలి. అందుకే ఈ కేసులో కెమెరాను తిప్పేశాం. మాట్లాడేది మనమైనా, చూపించాల్సింది రోగి.

బృందంలో ఉన్నది డాక్టరు, డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా శిక్షణ పొందిన నర్సు, ఊళ్లో ఆశా కార్యకర్త. డోసు మార్చే అధికారం డాక్టరుదే. కేంద్రం 2020 మార్చి 25న విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మందు రాయాల్సింది రిజిస్టర్డ్ డాక్టరే. రోగి తనంతట తాను కాల్ చేస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క. మన వైపు నుంచి కాల్ వెళ్తుంటే మాత్రం స్పష్టంగా అడిగి, ఆ సమ్మతిని నమోదు చేసుకోవాలి. ఇక్కడ కాల్స్ మనమే చేస్తున్నాం కాబట్టి ఆమె మాటల్లోనే వాయిస్ మెసేజ్ తీసుకుని ఫైల్లో పెట్టాం.

కాల్ ఎప్పుడు, ఎలా

ఆఫీసు వేళల్లో, అంటే పదకొండింటికో మధ్యాహ్నమో, కాల్ పెడితే రోగి కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్తారు. సూది వేసుకునే వేళకే కాల్ పెట్టాలి. ఈమెకు ఉదయం ఆరున్నర. దీంట్లో ఇంకో లాభం ఉంది. 30/70 హ్యూమన్ ఇన్సులిన్ వేసుకున్నాక తినడానికి అరగంట ఆగాలి. ఆ అరగంటే పాఠం వేళ. అయితే గడియారం మీద ఓ కన్నుంచాలి. మాటల్లో పడి తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోయేలా చేసింది మనమే అవుతాం. ఇరవై ఐదు నిమిషాలు కాగానే ఎంత ముఖ్యమైన విషయం నడుస్తున్నా ఆపేసి "ఇక టిఫిన్ తినండమ్మా" అనాల్సిందే.

ఫోన్ మనవడిది, మామూలు ఆండ్రాయిడ్. దాన్ని చేత్తో పట్టుకుంటే బొమ్మ ఊగుతుంది, పైగా రోగికి రెండు చేతులూ కావాలి. నేల మీద కూర్చుంటారు కాబట్టి బియ్యం డబ్బాకు ఆనించి మోకాలి ఎత్తులో పెట్టించాం. కిటికీ వెలుగు పక్కనుంచి పడాలి. వెనక నుంచి పడితే మనిషి నల్లటి నీడలా కనిపిస్తుంది. ముందు కెమెరా దగ్గరి వస్తువుల మీద ఫోకస్ పట్టదు. సీసా మీది లేబుల్, సిరంజి గీతలు చదవాలంటే వెనక కెమెరాకు మార్చమని పిల్లవాడికి చెప్పాలి. ఒక జానెడు దూరం ఉంచి, ఫోకస్ పట్టేదాకా కదల్చకుండా ఉంటే చాలు. ఫ్యాన్ కట్టేస్తే మాట స్పష్టంగా వినిపిస్తుంది.

సిగ్నల్ పోతుంది, అది ఖాయం. అందుకే మొదటి కాల్‌లోనే ఒక నియమం చెప్పి, తిరిగి ఆమె చేతనే చెప్పించాలి: మందు లాగాక కాల్ కట్ అయితే సూదికి మూత పెట్టి పక్కన ఉంచి, మామూలు ఫోన్ కాల్ కోసం ఆగాలి. వేసుకున్నానో లేదో అనుమానం వస్తే రెండోసారి వేసుకోకూడదు. ఒక డోసు తప్పితే ఆ పూట షుగర్ పెరుగుతుంది, అంతే. రెండు డోసులు పడితే ప్రాణం మీదికొస్తుంది.

కాల్‌కు ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి: వాడుతున్న ఇన్సులిన్ సీసా, వాడేసిన సిరంజి ఒకటి మూతతో సహా, కొత్తది ఒకటి, షుగర్ మిషన్, స్ట్రిప్పుల డబ్బా, రీడింగులు రాసే పుస్తకం, అన్ని మాత్రల అట్టలు. ఖాళీ అట్టలు కూడా పారేయకుండా ఉంచమనాలి. ఎన్ని మాత్రలు మానేశారో అవే చెప్తాయి.

మొదటి కాల్: నారింజ మూత

కాల్ కుదుర్చుకోవడానికి ఫోన్ చేసినప్పుడే ఆమె ఒక మాటన్నారు: "నెలకి ఒక్క సీసా సరిపోతందమ్మా, పెద్ద ఖర్చేం కాదు." ఈ కేసు మొత్తానికి తాళంచెవి ఆ మాటలోనే ఉంది.

లెక్క చూడండి. మన దగ్గర సీసాల్లో దొరికే 30/70 ఇన్సులిన్ ఎక్కువగా ఎం.ఎల్.కు 40 యూనిట్లది. సీసా 10 ఎం.ఎల్., అంటే మొత్తం 400 యూనిట్లు. ఈమె డోసు రోజుకు 32 యూనిట్లు. పన్నెండు రోజులకు సీసా అయిపోవాలి. నెలంతా వస్తోందంటే రెండే కారణాలు. సగానికి పైగా డోసులు మానేస్తుండాలి, లేదా సిరంజి తప్పై ఉండాలి.

కెమెరా ముందు సిరంజి పెట్టగానే తేలిపోయింది. మూత నారింజ రంగు. అది యూ-100 సిరంజి. ఎం.ఎల్.కు 100 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం తయారైంది. 40 యూనిట్ల సీసాకు వాడాల్సింది ఎర్ర మూత ఉన్న యూ-40 సిరంజి. యూ-100 సిరంజిలో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 ఎం.ఎల్. ఆ సీసాలోంచి 0.2 ఎం.ఎల్. అంటే 8 యూనిట్లు. రాత్రి 12 గీత అంటే 5 యూనిట్లు కూడా లేదు. రోజుకు 32 అనుకుంటున్న చోట 13 యూనిట్లు కూడా ఒంట్లోకి పోవడం లేదు. రోజుకు 0.32 ఎం.ఎల్. చొప్పున 10 ఎం.ఎల్. సీసా సరిగ్గా ఒక నెల వస్తుంది. లెక్క అతికినట్టు సరిపోయింది కాబట్టి ఆమె డోసులు మానడం లేదనీ, క్రమం తప్పకుండానే వేసుకుంటున్నారనీ కూడా తేలింది. అనుమానించాల్సిన మనిషి కాదు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, మందుల షాపులో "ఇన్సులిన్ సూదులు" అని అడిగితే స్టాకులో ఏది ఉంటే అది ఇస్తారు. రెండు సిరంజిలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండింటి మీదా అంకెలుంటాయి. చీటీలో "20 యూనిట్లు" అని ఉంటుందే గానీ ఏ సిరంజో రాసి ఉండదు. ఇకమీదట చీటీ మీద "40 సీసా – ఎర్ర మూత" అని తెలుగులో రాయాలన్నది ఈ కేసు నుంచి వచ్చిన మొదటి మార్పు.

తారుమారైతే ఇంకా ప్రమాదం. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పోతాయి. ఇన్సులిన్ పెన్ను పాడైందని, దానిలోని మందు కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో లాగేవాళ్లలో ఇది జరుగుతుంది.

సిరంజి ఒక్కటే మార్చేస్తే?

ఇక్కడ తొందరపడితే కొంప మునుగుతుంది. "సిరంజి మార్చుకోండి, డోసు అదే" అని నర్సు ఒక్క మాట చెప్పి ఉంటే, మరుసటి రోజు ఆమె ఒంట్లోకి మొన్నటిదాకా పోయినదానికి రెండున్నర రెట్లు ఇన్సులిన్ పోయేది. పైగా దాని మీద షుగర్‌ను ఇంకా దించే గ్లిమిపిరైడ్ మాత్ర. అందుకే కొత్త డోసు వచ్చేదాకా పాత పద్ధతే కొనసాగించమని చెప్పి, అదే ఉదయం డాక్టరుకు లెక్కతో సహా పంపారు. డాక్టరు గ్లిమిపిరైడ్ ఆపి, మెట్‌ఫార్మిన్ ఉంచి, ఎర్ర మూత సిరంజితో ఉదయం 12, రాత్రి 8 యూనిట్ల నుంచి మళ్లీ మొదలుపెట్టారు. పరగడుపు రీడింగ్ చూసి రాత్రి డోసు, రాత్రి భోజనం ముందు రీడింగ్ చూసి ఉదయం డోసు, వారానికోసారి 2 యూనిట్ల చొప్పున సర్దడం. 70 కంటే తక్కువ ఒక్కసారి వచ్చినా పెంచడం ఆపి, డోసు తగ్గించడం.

ఇంట్లో మిగిలిన నారింజ మూత సిరంజిలన్నీ ఆశా కార్యకర్త వచ్చి తీసుకెళ్లారు. రెండు రకాలూ ఒకే ఇంట్లో ఉండకూడదు. ఏదో ఒక రోజు చీకట్లో చేతికి తప్పుడుది తగులుతుంది.

కొత్త సిరంజితో మందు లాగడం ముందు గ్లాసులో నీళ్లతో సాధన చేయించాం. ఆ తర్వాతే అసలు డోసు, కెమెరా ముందే. చేతులు కడుక్కుని, సీసాను రెండు అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేయాలి. అడుగున తెల్లటి మడ్డి మిగలకుండా అంతా పాలలా ఒకే రంగుకు రావాలి. గట్టిగా ఊపితే నురగ వచ్చి బుడగలు దిగుతాయి. 12 గీత దాకా గాలి లాగి సీసాలోకి కొట్టి, సీసా బోర్లించి, 12 కంటే కాస్త ఎక్కువ లాగి, బుడగలు పోయేలా వేలితో తట్టి, అదనపు మందు తిరిగి నెట్టి 12 దగ్గర ఆపాలి. సూదికి దగ్గరగా ఉన్న రబ్బరు అంచు ఏ గీత మీదుందో అదే డోసు. ఈమె రబ్బరు వెనక అంచు చూసి లాగుతున్నారు. ఎర్ర మూత సిరంజిలో ఒక్కో చిన్న గీత ఒక యూనిట్. నారింజ మూత ఒక ఎం.ఎల్. సిరంజిలో మాత్రం ఒక్కో గీత రెండు యూనిట్లు. చూపు మసకగా ఉండటంతో గీత చదవడం కోడలికి అప్పగించాం. లాగేది అత్త, చూసి "సరే" అనేది కోడలు.

ఎన్నిసార్లు చెప్పినా "అర్థమైందా?" అని మాత్రం అడగకూడదు. అలా అడిగితే "ఆఁ" అనే జవాబే వస్తుంది. "మీ చెల్లెలికి చెప్పాల్సొస్తే ఎలా చెప్తారు?" అని అడిగి, చేసి చూపించమనాలి. గాలి కొట్టడం మరిచిపోతే అక్కడ తెలిసిపోతుంది.

పొట్ట మీద గడ్డలు, ఫ్రిజ్‌లో ట్రే

సూది ఎక్కడ వేసుకుంటున్నారో చూడటం వీడియోలో సున్నితమైన పని. పక్కన ఆశా కార్యకర్త ఉన్నప్పుడే, మగవాళ్లు గదిలో లేనప్పుడే, రికార్డింగ్ చేయకుండా చూశాం. బొడ్డుకు రెండు పక్కలా, చేతికి అందే చోటే ఏడాదంతా వేసుకున్నారు. పక్క వెలుగులో రెండు చోట్లా చర్మం ఉబ్బెత్తుగా కనిపించింది. కంటికి కనిపించడం వేరు, వేలికి తగలడం వేరు. ఆశా కార్యకర్త తడిమి, మెత్తని గడ్డల్లా ఉన్నాయని నిర్ధారించారు. గడ్డలో వేసిన మందు ఒక రోజు సరిగ్గా, ఒక రోజు నెమ్మదిగా ఎక్కుతుంది. నొప్పి తెలియదు కాబట్టి రోగులకు ఆ చోటే ఇష్టం. ఒకే సూదిని పదేపదే వాడటం కూడా గడ్డలకు దారి తీస్తుంది.

పొట్టను నాలుగు భాగాలు చేసుకుని వారానికొక భాగం, గోడ క్యాలెండర్‌లో ఆ వారం పక్కనే గుర్తు. ఒక పోటుకూ ఇంకో పోటుకూ కనీసం వేలెడు వెడల్పు దూరం. గడ్డ ఉన్న చోట అసలు వద్దు. గడ్డ వదిలి మంచి చర్మంలోకి మారితే అదే డోసు బలంగా పనిచేస్తుంది. కొత్త డోసును డాక్టరు తక్కువ నుంచి మొదలుపెట్టడానికి ఇదీ ఒక కారణం.

ఫ్రిజ్‌ను కూడా చూపించమన్నాం. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కిందుండే ట్రేలో సీసా కనిపించింది. అక్కడ గడ్డకట్టే అవకాశం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా పనికిరాదు. తలుపు అరలోకి మార్పించి, సీసా మీద తెరిచిన తేదీ రాయించాం. సరైన సిరంజితో సీసా రెండు మూడు వారాలకే అయిపోతుంది కాబట్టి నెల దాటిన మందు వాడే సమస్య దానంతటదే పోయింది. ఫ్రిజ్ లేని ఇళ్లలో తడి ఇసుక పోసిన పెద్ద కుండలో చిన్న కుండ, అందులో మూతపెట్టిన డబ్బాలో సీసా ఉంచాలి. వాడేసిన సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, నిండాక ఆరోగ్య కేంద్రంలో ఇవ్వాలి.

రాగిజావ, శనివారం

పుస్తకంలో పరగడుపు షుగర్ 140, 150 అని రాసి ఉంది. హెచ్‌బీఏ1సీ చూస్తే ఆ అంకెలు నమ్మేలా లేవు. మిషన్ మెమరీ నొక్కుతూ కెమెరాకు చూపించమంటే 230, 260 బయటపడ్డాయి. తిడతారన్న భయంతో మంచివే రాశారు. దాని మీద ఒక్క మాట కూడా అనలేదు. ఇకనుంచి రాయడం మానేసి, మెమరీ తెరను ఫోటో తీసి పంపితే చాలన్నాం. ఆ పని మనవడిది. మిషన్‌లో తేదీ, టైము సరిచేశాకే ఇది పనికొస్తుంది.

స్ట్రిప్పులు ఖరీదు. అందుకని జంటగా చూడటం: తినకముందొకటి, తిన్న రెండు గంటలకొకటి. ఒక రోజు పొద్దుటి తిండికి, ఇంకో రోజు మధ్యాహ్నానికి, మరో రోజు రాత్రికి. ఇది కాక ఎప్పుడైనా చెమటలు పట్టి, చేతులు వణికితే అప్పుడొకటి.

జంట రీడింగుల్లో తేలింది రాగిజావ సంగతి. ఇడ్లీ మానేసి, చక్కెర వేయని రాగిజావ పెద్ద గ్లాసుడు తాగుతున్నారు, షుగర్‌కు మంచిదని. మెత్తగా విసిరిన పిండిని బాగా ఉడికించి పల్చగా తాగితే త్వరగా అరిగి షుగర్ వేగంగా పెరుగుతుంది. జావ తాగిన రోజు రెండు గంటల్లో షుగర్ తాగకముందు ఉన్నదాని మీద ఇంకో 110 పెరిగింది. మరో రోజు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరతో చూపిస్తే పెరిగింది దాదాపు 60. పాఠం మనం చెప్పలేదు, ఆమె మిషన్ చెప్పింది. అన్నం కొలత కూడా ఇలాగే. ఆమె గిన్నె చూపించమని, అంతే గిన్నెలో ఇక్కడ అన్నం తూచి, ఎక్కడిదాకా పెట్టుకుంటే 150 గ్రాములో గీత చూపించాం. "అన్నం తగ్గించండి" అన్న మాటకు ఇంట్లో కొలత లేదు. గిన్నెలో గీతకు ఉంది.

లో షుగర్ ఒక్కసారే వచ్చింది, శనివారం మధ్యాహ్నం. శనివారాలు పగలంతా ఏమీ తినకుండా, సాయంత్రం దీపం పెట్టాక భోంచేయడం ఆమె అలవాటు. ఈ సంగతి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. మేమూ తిండి గురించి అడిగాం గానీ వారంలో ఏ రోజు ఎలా తింటారని అడగలేదు. ఉదయం వేసుకున్న 30/70లో డెబ్బై శాతం నెమ్మదిగా పనిచేసే భాగం, దాని జోరు మధ్యాహ్నానికి. పన్నెండున్నరకు మిషన్ 58 చూపించింది. ఆమె ముందు పల్లీపట్టీ తిన్నారు. పల్లీల్లోని నూనె వల్ల తీపి నెమ్మదిగా ఎక్కుతుంది. కోడలికి కాల్‌లో నేర్చుకున్నది గుర్తొచ్చి, మూడు టీస్పూన్ల చక్కెర గ్లాసు నీళ్లలో కలిపి తాగించింది. పావుగంటకు 84. ఆ తర్వాత అన్నం పెట్టింది.

ఉపవాసం మానేయమంటే కాల్స్ ఎత్తడం మానేస్తారు. పగటిపూట మామూలుగా తిని, శనివారం రాత్రి అన్నం బదులు ఉప్మాతో సరిపెట్టుకోవడం చాలా ఇళ్లలో ఉన్న పద్ధతే. ఆమె అదీ ఉపవాసమేనని ఒప్పుకున్నారు. శనివారం రాత్రి డోసు డాక్టరు విడిగా రాసిచ్చారు. మహాశివరాత్రి, కార్తీక సోమవారాలు, ఏకాదశులు క్యాలెండర్‌లో ముందే చుట్టి, వాటికి వారం ముందు కాల్ పెట్టుకోవడం ఇప్పుడు పద్ధతిలో చేరింది.

పంపిన చిన్న వీడియోలు

రికార్డు చేసిన వీడియోలు వద్దని కాదు. కాల్‌లో చేయించిన పనిని గుర్తుచేయడానికి పనికొస్తాయి. ఒక్కో వీడియోలో ఒక్కటే పని, నిమిషంన్నర మించకూడదు. మొహం కాదు, చేతులు కనిపించాలి. ఆమె వాడే సీసా, ఆమె వాడే మిషన్ రకమే చూపించాలి. వేరే రంగు మిషన్ చూపిస్తే "ఇది మాది కాదు" అని పక్కన పెట్టేస్తారు. తెర మీద అక్షరాల కంటే మాట ముఖ్యం. మాట కూడా ఆ ప్రాంతపు నర్సు గొంతుతో ఉంటే ఇంటిల్లిపాదీ వింటారు. ఈమెకు పంపినవాటిలో పదేపదే చూసింది లో షుగర్ వీడియో, అదీ ఆమె కాదు, కోడలు.

మూడు నెలలకు

హెచ్‌బీఏ1సీ 8.3. పరగడుపు 120 నుంచి 150 మధ్య. డోసు ఉదయం 16, రాత్రి 10. చీటీ మీద చూస్తే ముందున్న 32 కంటే తక్కువ, ఒంట్లోకి వెళ్తున్నది మాత్రం రెట్టింపు. రాత్రి మూత్రానికి ఒక్కసారే లేస్తున్నారు. లక్ష్యం ఇంకా చేరలేదు. సాయంత్రం రీడింగులు అప్పుడప్పుడూ 200 దాటుతున్నాయి, నాలుగింటికి టీతో తినే మురుకుల దగ్గర పని మిగిలే ఉంది.

వీడియోలో కానివి కొన్ని ఉన్నాయి. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా దిగితే కంటి రెటీనా సమస్య కొంతకాలం ముదరవచ్చు. అందుకే డోసు పెంచడం మొదలైన తొలి రెండు వారాల్లోనే పట్నం రప్పించి కంటి పరీక్ష చేయించారు. షుగర్ దిగేటప్పుడు కొన్ని వారాలు చూపు మారుతూ ఉంటుంది, అప్పుడు కొత్త కళ్లద్దాలు తీసుకోవద్దని కూడా చెప్పాలి. లేకపోతే డబ్బు దండగ.

పాదాలకు కోడలి చేత టచ్ పరీక్ష చేయించాం. రోగి కళ్లు మూసుకుంటే, రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి, నొక్కకూడదు. ఆరింటిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల తెలియకపోతే పాదాలకు ముప్పున్నట్టు. ఈమెకు మూడు చోట్ల తెలియలేదు. ఆసుపత్రిలో నైలాన్ పోగుతో స్పర్శ చూసే మోనోఫిలమెంట్ పరీక్ష చేయించి, మెత్తటి రబ్బరుతో చేసే ఎంసీఆర్ చెప్పులు రాయించారు. వారానికోసారి అరికాళ్లు, వేళ్ల సందులు ఫోటో తీసి పంపడం మనవడి ఖాతాలోనే ఉంది. కాల్స్ ఇప్పుడు నెలకొకటి. వాంతులు, జ్వరం, 70 లోపు లేదా 300 పైన రీడింగ్ ఉంటే కాల్ రోజు కోసం ఆగకుండా అదే పూట ఫోన్ చేయాలి. తిండి సరిగా పోవడం లేదని ఇన్సులిన్ తమంతట తాము ఆపేయకుండా, డోసెంతో డాక్టరును అడగాలి. ఆ నంబరు ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అంకెలతో రాసి అంటించారు.